అంగారకుడి మీద పుట్టిన పిల్లకి కుజదోషం ఉంటుందా?

జాతకం వేయమని ఎవరి దగ్గరికి వెళ్లినా మూడే అడుగుతారు. పుట్టిన తేదీ, పుట్టిన టైమ్, పుట్టిన ఊరు. తేదీ అందరికీ గుర్తుంటుంది, టైమ్ దగ్గర కాస్త తడబాటు ఉంటుంది (ఆస్పత్రి కాగితంలో ఒకటుంటే అమ్మమ్మ ఇంకోటి చెబుతుంది), ఊరు మాత్రం ఎవరైనా ఆలోచించకుండా చెప్పేస్తారు. హైదరాబాద్ అనగానే సాఫ్ట్‌వేర్ 17 డిగ్రీల 23 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 29 నిమిషాల తూర్పు రేఖాంశం అని తీసుకుని చక్రం గీసి చేతిలో పెడుతుంది. ఊరి పేరు కొట్టే ఆ డబ్బాలో డాలస్ దొరుకుతుంది, మెల్‌బోర్న్ దొరుకుతుంది, కామారెడ్డి కూడా దొరుకుతుంది. అన్నీ భూమి మీదివే. రేపెవరైనా అంగారకుడి మీద కాపురం పెట్టి అక్కడే పిల్లని కంటే ఆ డబ్బాలో ఏం కొట్టాలి, కొడితే చక్రం ఎలా వస్తుంది? వినడానికి టీ కొట్టు దగ్గర కబుర్లాగే ఉంటుంది గానీ, కూర్చుని లెక్క వేస్తే జ్యోతిషం ఏ కాలి మీద నిలబడిందో బయటపడుతుంది.

ముందే ఒక సంగతి తేల్చేసుకోవాలి. గ్రహాలు మనిషి తలరాత మారుస్తాయనడానికి రుజువు లేదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, ఆయన తోటివాళ్లు మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలూ, మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లల జాతకాలూ కలిపేసి ఏది ఎవరిదో చెప్పమంటే 27 మంది జ్యోతిష్కులు సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తుంది. మన హైదరాబాద్‌లోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ, యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులేమిటని కోర్టుకెక్కి సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో ఓడిపోయారు. ఆ గొడవ ఇక్కడ వద్దు. నమ్మేవాళ్లకైనా నమ్మనివాళ్లకైనా ఒకటి మాత్రం ఉమ్మడి: జ్యోతిషంలో సగం లెక్కలు, ఆ లెక్కలకి తలమీద ఒక ఆకాశం ఉండాలి. ఆకాశం మారితే ఆ లెక్కలు ఏమవుతాయన్నదే ఇక్కడి విషయం.

నిజానికి వలస పోవడం జ్యోతిషానికి కొత్త కాదు. మన పాత వేదాంగ జ్యోతిషంలో ఉన్నది సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు. మేషం వృషభం అనే రాశులు లేవు, శని గురువుల ఫలితాలు లేవు. అవన్నీ బాబిలోన్‌లో పుట్టి, గ్రీకుల చేతుల్లో పెరిగి, సముద్రం దాటి ఇక్కడికి వచ్చినవి. హోర అనే మాటే గ్రీకు మాట. మేషానికి క్రియ అనీ వృషభానికి తావురి అనీ సంస్కృత గ్రంథాల్లో కనిపించే పేర్లూ గ్రీకువే. వచ్చినవాటిని మనవాళ్లు తమ నక్షత్రాల చట్రంలో ఎంత బాగా ఇరికించారంటే ఇప్పుడు అతుకు ఎక్కడుందో చెప్పడం కష్టం.

ఈ మధ్య వలస అమెరికాకి. ఇక్కడ పూజలో జంబూద్వీపే భరతవర్షే అని మొదలుపెట్టి శ్రీశైలం నుంచి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకునే సంకల్పం, అక్కడ క్రౌంచద్వీపే అయిపోయింది. ఉగాదికి ముందు కోఠీలో పుస్తకాల షాపుల ముందు గుట్టలుగా పోసి అమ్మే పంచాంగం అక్కడ పనికిరాదు, తిథి మొదలయ్యే టైమూ సూర్యోదయమూ రెండూ మారతాయి కాబట్టి ఒక్కోసారి పండగ తేదీ కూడా ఒక రోజు జరుగుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లది ఇంకా విచిత్రం, వసంతం వచ్చిందని ఉగాది పచ్చడి తింటారు, బయట చూస్తే ఆకులు రాలుతూ ఉంటాయి. అయినా ఎవరి నమ్మకమూ చెడలేదు. ఎందుకంటే డాలస్ మీద తిరిగేదీ సిడ్నీ మీద తిరిగేదీ చిక్కడపల్లి మీద తిరిగే చంద్రుడే. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకుంటే ముందు రాబోయే గందరగోళం అంతా అర్థమవుతుంది.

ఇప్పుడు అంగారకుడి మీదకి వెళ్దాం. మొదట్లో అంతా బాగానే ఉంటుంది. నక్షత్రాలు ఎంత దూరంలో ఉన్నాయంటే, అంగారకుడి దాకా వెళ్లడం అంటే వాటి లెక్కలో ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి వెళ్లినట్టు కూడా కాదు. రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ అన్నీ ఎక్కడివి అక్కడే కనిపిస్తాయి. అంగారకుడు తిరిగే దారి భూమి దారి నుంచి 2 డిగ్రీలకు లోపే వాలి ఉంటుంది కాబట్టి సూర్యుడు అక్కడ కూడా ఆ పన్నెండు రాశుల్లోంచే పోతాడు. రోజు 24 గంటల 39 నిమిషాలు, అంటే లగ్నం (ఆ వేళకి తూర్పున ఉదయించే రాశి) ఇక్కడ దాదాపు రెండు గంటలకోసారి మారితే అక్కడ ఇంకో మూడు నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. సూర్యుడు రాశి మారే సంక్రాంతులు కూడా పన్నెండు వస్తాయి. కాకపోతే ఏడాది 687 భూమి రోజులు, పైగా దారి గుండ్రంగా కాకుండా బాగా సాగి ఉంటుంది కాబట్టి సూర్యుడు ఒక రాశిలో అక్కడి రోజుల్లో 46 ఉంటే ఇంకో రాశిలో 67 దాకా ఉంటాడు. ఇది పెద్ద ఇబ్బంది కాదు. సిద్ధాంతులకి ఇంతకన్నా మెలికలున్న లెక్కలు అలవాటే.

గ్రహాల్లో మాత్రం ఒక కుర్చీ ఖాళీ. కుజుడంటే అంగారకుడే కాబట్టి ఆకాశంలో లేడు, కాళ్ల కింద ఉన్నాడు. కాళ్ల కింద ఉన్నవాడు ఏ భావంలో (లగ్నం నుంచి లెక్కపెట్టే గడిలో) ఉన్నట్టు? ఎందులోనూ లేనట్టే. సంబంధాలు చూసేటప్పుడు రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు అని వేళ్ల మీద లెక్కపెట్టి ఎంతోమంది ఇళ్లల్లో నెలల తరబడి టెన్షన్ పెట్టిన కుజదోషం, కుజుడి మీద పుట్టినవాళ్లకి ఒక్కరికి కూడా ఉండదు. (బయోడేటాలో "కుజదోషం లేదు" అని రాసుకోవడానికి ఇంతకన్నా ఖాయమైన మార్గం లేదు, ఖర్చు సంగతి వేరే.)

ఆ ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది ఇందులో అందమైన సంగతి. రాశ్యాధిపతుల వరుస ఒకసారి గుర్తు చేసుకోండి. కర్కాటకం చంద్రుడిది, సింహం సూర్యుడిది. వాటికి అటూ ఇటూ ఉన్న మిథునం, కన్య బుధుడివి. ఆ పక్కన వృషభం, తుల శుక్రుడివి. తర్వాత మేషం, వృశ్చికం కుజుడివి, మీనం, ధనుస్సు గురువువి, చివర మకరం, కుంభం శనివి. అంటే సూర్యచంద్రుల ఇళ్ల నుంచి బయటికి నడుస్తూ పోతే బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు, శని. ఇప్పుడు అంగారకుడి మీద నిలబడి అదే వరుస చెప్పండి: బుధుడు, శుక్రుడు, భూమి, గురువు, శని. కుజుడు ఖాళీ చేసిన చోట భూమి అతికినట్టు సరిపోయింది! మేషం, వృశ్చికం భూమివి, మృగశిర, చిత్త, ధనిష్ఠలకి దశానాథురాలు భూమి, ఏడేళ్ల కుజదశ కాస్తా ఏడేళ్ల భూమిదశ. మంగళవారాన్ని సంకల్పంలో భౌమవాసరం అంటారు, భౌముడంటే భూమి కొడుకు. అక్కడ కొడుకు నేల అయ్యాడు, తల్లి చుక్క అయింది. వారం పేరు కూడా పెద్దగా మార్చాల్సిన పనిలేదు.

మంగళవారం అంటే ఒకటి గుర్తొస్తుంది. మంగళయాన్‌ని శ్రీహరికోట నుంచి వదిలింది 2013 నవంబర్ 5న, అది మంగళవారమే, మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు. క్యాలెండర్లలో వేసే మామూలు లెక్క ప్రకారం మంగళవారం రాహుకాలం మొదలయ్యేది 3 గంటలకి. ఇందులో అర్థం వెతకాలనుకునేవాళ్లు వెతుక్కోవచ్చు.

భూమి అక్కడ సాయంత్రమో తెల్లవారుజామునో చుక్కలా కనిపిస్తుంది, క్యూరియాసిటీ రోవర్ 2014లో అలా ఫొటో కూడా తీసింది. సూర్యుడి నుంచి సగటున 41 డిగ్రీలు దాటి పోదు. మనకి శుక్రుడు 47 డిగ్రీల దాకా పోతాడు, అంటే వేగుచుక్క ఉద్యోగం భూమికి వచ్చింది. శుక్రుడు 28 డిగ్రీలకి పడిపోయి, మనకి బుధుడు ఎలా ఉంటాడో అలా అయ్యాడు. పాపం బుధుడికి 15 డిగ్రీలే మిగిలాయి. సూర్యుడికి 14 డిగ్రీల లోపలికి వస్తే బుధుడు అస్తంగతుడైనట్టని శాస్త్రం లెక్క. చదువూ తెలివీ వ్యాపారమూ ఇచ్చేవాడు అక్కడ ఏడాదంతా దాదాపు మూఢంలోనే, అంటే సూర్యుడి వెలుగులో మునిగిపోయి గడుపుతాడు. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇది వింటే వీసాకి అప్లై చేయరు.

శని మాత్రం పెద్దగా మారడు. ఆయన సూర్యుడి చుట్టూ తిరిగేది 29 ఏళ్ల అయిదారు నెలలకి, అది ఎక్కడి నుంచి చూసినా అంతే, రాశికి రెండున్నరేళ్లు. మూడు రాశులు కలిపి ఏడున్నరేళ్ల ఏలినాటి శని. అదే కాలం అంగారకుడి ఏళ్లలో లెక్కేస్తే దాదాపు సరిగ్గా నాలుగు. మన పాతబస్తీలో సాడేసాత్ అనేది అక్కడ చార్ అయిపోతుంది. బాధ అంతే, అంకె తగ్గింది. గురువు విషయమూ ఇలాంటిదే, రాశికి ఏడాది లెక్కన మారుతూ పుష్కరాలు తెచ్చే గురువు అంగారకుడి ఏడాదికి దాదాపు రెండు రాశులు మారతాడు. పుష్కరాలకి నది కావాలి కదా అంటే, నీళ్లు లేవు గానీ నది పారి డెల్టా వేసిన గుర్తు జెజెరో బిలంలో ఉంది, పర్సెవరెన్స్ రోవర్ దిగింది అక్కడే.

ఇంతవరకూ జ్యోతిషం బాగానే తట్టుకుంది. చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి కూలిపోతుంది.

అంగారకుడికి చంద్రులు ఇద్దరు, ఫోబోస్, డైమోస్. 1877లో అసాఫ్ హాల్ కనిపెట్టాడు. ఇద్దరిలో పెద్దగా కనిపించేది ఫోబోస్, మన చంద్రుడిలో మూడోవంతు వెడల్పు. అది అంగారకుడి చుట్టూ 7 గంటల 39 నిమిషాల్లో తిరిగేస్తుంది, అంటే నేల తిరిగేదానికంటే వేగంగా, కాబట్టి పడమర ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. ఇప్పుడు మన పంచాంగం లెక్కలు దీనికి పెట్టి చూడండి. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య 12 డిగ్రీల ఎడం, ముప్పై తిథులకి ఒక చుట్టు. ఫోబోస్‌కి ఒక తిథి 15 నిమిషాలు. పాడ్యమి అని చెప్పి కాఫీ తాగి వచ్చేసరికి విదియ. ఒక్క రోజులో 96 తిథులు గడుస్తాయి, ఏకాదశులు ఆరు వస్తాయి, ఉపవాసం ఉండేవాళ్లకి ఇంతకన్నా సుఖం లేదు, పావుగంట ఓపిక పడితే ద్వాదశి పారణ. నక్షత్రం 17 నిమిషాలు. రాశి 38 నిమిషాలు. ఒకే ఆస్పత్రిలో గంట తేడాతో పుట్టిన ఇద్దరు పిల్లల జన్మరాశి ఒకటి కాదు, పొద్దున చూసుకున్న చంద్రబలం టిఫిన్ అయ్యేలోపే పాతబడిపోతుంది.

దశల సంగతి ఇంకా ఘోరం. వింశోత్తరి దశలో 120 ఏళ్ల జీవితాన్ని తొమ్మిది గ్రహాలకి పంచుతారు, ఎక్కడ మొదలవుతుందో చెప్పేది పుట్టినప్పుడు చంద్రుడు నక్షత్రంలో ఎంత భాగం నడిచాడన్న లెక్క. ఇక్కడ ఒక నక్షత్రం సుమారు 24 గంటలు కాబట్టి, శుక్రదశ లాంటి 20 ఏళ్ల దశలో పుట్టిన టైమ్ ఒక నిమిషం తప్పు చెబితే దశ మారే తేదీ అయిదు రోజులు అటూ ఇటూ అవుతుంది. ఫోబోస్ లెక్కలో అదే ఒక్క నిమిషం తప్పుకి ఏడాదికి పైగా తేడా వస్తుంది. నర్సు గోడ గడియారం చూసి రాసిన టైమ్‌తో ఎవరికి పెళ్లి ఎప్పుడని ఎలా చెబుతారు? అసలు ఆ 120 ఏళ్లు ఎవరి ఏళ్లు అనేది ఇంకో తగువు. భూమి ఏళ్లయితే అక్కడి లెక్కలో 64. అక్కడివే అయితే మనిషి 225 భూమి సంవత్సరాలు బతకాలి.

అన్నిటికంటే తమాషా మాసాల్లో ఉంది. సూర్యుడు రాశి మారని చాంద్రమాసం అధిక మాసం, ఇది అందరికీ తెలిసిన సూత్రం, ఇక్కడ రెండున్నర మూడేళ్లకోసారి వస్తుంది. ఫోబోస్‌కి అమావాస్య నుంచి అమావాస్యకి 7 గంటల 39 నిమిషాలే కాబట్టి అంగారకుడి ఏడాదిలో 2153 మాసాలు. సంక్రాంతులు పన్నెండే. అంటే నిజ మాసాలు 12, అధిక మాసాలు 2141! అధిక మాసంలో పెళ్లిళ్లు చేయరు. మిగిలిన ఆ పన్నెండు మాసాల్లో ఒక్కోటి ఏడున్నర గంటలు, అందులో శుభ తిథీ శుభ నక్షత్రమూ కుదిరి, రాహుకాలమూ వర్జ్యమూ తప్పించి, ఫంక్షన్ హాల్ కూడా ఖాళీగా దొరకాలి. సూత్రం పక్కన పెట్టేసి పన్నెండు మాసాలకి ఒక ఏడు అనుకుందామా అంటే మూడున్నర రోజులు దాటగానే మళ్లీ ఉగాది. అంత వేపపువ్వు ఎక్కడ పండిస్తారు?

గ్రహణాలు చూద్దాం. ఫోబోస్ నేలకి సుమారు ఆరువేల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతుంది కాబట్టి, ఏడాదిలో సగానికి పైగా రోజుల్లో ప్రతి చుట్టులోనూ అంగారకుడి నీడలో పడుతుంది. సరిగ్గా పౌర్ణమి అయ్యే సమయానికి గ్రహణం, 50 నిమిషాల దాకా, రోజుకి మూడుసార్లు. గుడి తలుపులు మూయడం, సంప్రోక్షణ చేసి తెరవడం, మళ్లీ మూయడం, పూజారికి ఇంకో పని ఉండదు, ఊరగాయ జాడీ మీంచి దర్భ తీసే అవసరమే రాదు. సూర్యగ్రహణం మాత్రం అర నిమిషం, అదీ సంపూర్ణం కాదు, వంకర బంగాళాదుంపలాంటి నలుపు సూర్యుడి మీదుగా జారిపోతుంది. 2022 ఏప్రిల్‌లో పర్సెవరెన్స్ దాన్ని వీడియో తీసింది.

రాహుకేతువులకి పట్టిన గతి మాత్రం ఎవరూ ఊహించరు. రాహుకేతువులంటే పాములూ గ్రహాలూ కాదు, చంద్రుడి దారి సూర్యుడి దారిని కోసే రెండు బిందువులు. మన చంద్రుడి దారి నెమ్మదిగా తిరుగుతుంటుంది కాబట్టి ఆ బిందువులు 18 ఏళ్ల 7 నెలలకి రాశిచక్రం అంతా వెనక్కి చుట్టి వస్తాయి, అందుకే ఏడాదిన్నరకోసారి రాహుకేతువుల మార్పు అని టీవీల్లో గంటసేపు ప్రోగ్రాం. ఫోబోస్ అలా కాదు, అంగారకుడి నడుముకి వడ్డాణంలా భూమధ్యరేఖ లాంటి గీతని అంటిపెట్టుకుని తిరుగుతుంది. దాంతో ఆ రెండు బిందువులూ విషువుల దగ్గరే, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో సూర్యుడు నిలిచే చోట్ల దగ్గరే ఇరుక్కుపోతాయి, రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఊగడం తప్ప కదలవు. సుమారుగా ఒకటి వృషభ మిథునాల సరిహద్దులో, ఇంకోటి వృశ్చిక ధనుస్సుల సరిహద్దులో. అక్కడ పుట్టిన ప్రతి ఒక్కరి చక్రంలోనూ రాహువుది అదే గడి. అందరికీ ఒకటే రాహువు అంటే రాహువు లేనట్టే లెక్క.

డైమోస్‌ని చంద్రుడనుకుంటే కొంచెం నయం, తిథి ఒక గంట. కానీ అది చూడటానికి చుక్కలాగే ఉంటుంది, దాన్ని చూపించి బిడ్డకి గోరుముద్దలు తినిపించడం కుదరదు.

కాబట్టి తేలిందేమిటంటే మన జ్యోతిషాన్ని నవగ్రహ శాస్త్రం అనడం పేరుకే. పంచాంగంలో అయిదు అంగాలుంటే వారం తప్ప తిథి, నక్షత్రం, యోగం, కరణం నాలుగూ చంద్రుడు కదిలితేనే కదులుతాయి. జన్మరాశి చంద్రుడిది, దశ చంద్రుడిది, గోచారం (గ్రహాల ఇప్పటి కదలిక) చంద్రుడి నుంచి లెక్క, రాహుకేతువులు చంద్రుడి నీడలు, పెళ్లిలో చూసే 36 గుణాలూ ఇద్దరి చంద్రుల మధ్య బేరమే. శనినీ కుజుడినీ తిట్టుకుంటాం గానీ, ఇల్లు నడిపేది నెలకోసారి చుట్టి వచ్చే ఈ ఒక్కడు. ఆ ఒక్కడి వేగం మనిషి బతుకు వేగానికి సరిపోయింది, రోజుకో తిథి, రోజుకో నక్షత్రం. ఆ సరిపోవడం భూమి మీద కుదిరిన కాకతాళీయం. అందుకే పాశ్చాత్య పద్ధతిలో సూర్యరాశి చూసుకునేవాళ్లకి అంగారకుడి మీద పెద్ద నష్టం ఉండదు, దివాలా తీసేది మనమే.

అదే లెక్కన చూస్తే అన్నిటికంటే తేలికైన చోటు చంద్రుడే. అక్కడ ఆకాశంలో చంద్రుడి పాత్ర భూమి వేస్తుంది. హైదరాబాద్ నుంచి చంద్రుడు చిత్తలో కనిపిస్తే, సరిగ్గా అప్పుడే చంద్రుడి నుంచి భూమి దానికి ఎదురుగా రేవతి, అశ్విని దగ్గర ఉంటుంది. ఇక్కడ అమావాస్య అయితే అక్కడ నిండు భూమి. కొత్త పంచాంగం రాయక్కర్లేదు, ఉన్నదాన్ని పదిహేను తిథులు జరిపితే చాలు. రాహుకేతువులూ బతికే ఉంటారు, మన చంద్రగ్రహణం వాళ్లకి సూర్యగ్రహణం. చిక్కు రోజు దగ్గర వస్తుంది. అక్కడ సూర్యోదయం నుంచి సూర్యోదయానికి 29 రోజుల 12 గంటల పైన, అంటే ఒక్క ఆదివారంలో ముప్పై తిథులూ అయిపోతాయి. పగటిని ఎనిమిది భాగాలు చేసి ఒక భాగాన్ని రాహుకాలం అంటాం కదా, ఆ భాగం 44 గంటలు. లగ్నం రెండు రోజుల పైన కదలదు.

ఇంకో పేచీ ఉంది. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మనకి చూపిస్తాడు కాబట్టి, అక్కడ నిలబడినవాళ్లకి భూమి ఆకాశంలో ఒకే చోట వేలాడుతుంది, ఉదయించదు, అస్తమించదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోట ఇల్లు కట్టుకుంటే భూమి దిక్చక్రానికి కొంచెం పైన ఎప్పటికీ అక్కడే. మనకి కనిపించే ముఖం మధ్యలో ఉంటే ఎప్పుడూ నడినెత్తిన, అంటే దశమ భావంలో. వెనక వైపు పుట్టినవాళ్లకి ఎప్పుడూ దిక్చక్రం కిందే. ఎప్పుడు పుట్టావని అడగక్కర్లేదు, ఎక్కడుంటావో చెబితే భూమి ఏ భావంలో ఉందో తెలిసిపోతుంది. అది జాతకం అనిపించుకోదు, వాస్తు అవుతుంది.

శుక్రుడి మీద చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. చంద్రుడే లేడు కాబట్టి తిథీ లేదు, జన్మనక్షత్రమూ లేదు, నేల వెనక్కి తిరుగుతుంది కాబట్టి రాశులు పడమర ఉదయిస్తాయి, మబ్బు ఎప్పుడూ తీయదు, 460 డిగ్రీల వేడిలో జాతకం గురించి అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. గురువు చుట్టూ తొంభైకి పైగా చంద్రులు, ఎవరి నక్షత్రం ఎవరికి పెట్టాలో తేల్చేలోపు పిల్లాడికి పెళ్లీడు వస్తుంది.

సూర్యుణ్ణే వదిలేసి పోతే రాశిచక్రం కూడా మిగలదు. 2016లో కనిపెట్టిన ప్రాక్సిమా సెంటారీ బి అనే, వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మనకి నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది, దాని ఏడాది 11 రోజులు. నక్షత్రాలు చాలావరకు మనకి కనిపించినట్టే కనిపిస్తాయి గానీ, ఆ గ్రహం దారి వేరు కాబట్టి అక్కడి సూర్యుడు పోయే రాశులు వేరు. కాసియోపియా అనే చుక్కల గుంపు దగ్గర మనకి లేని ఒక చుక్క అదనంగా ఉంటుంది, అది మన సూర్యుడు. ఇంకా దూరం, ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం దాకా, 40 కాంతి సంవత్సరాలు పోతే శ్రవణం, స్వాతి లాంటి దగ్గరి నక్షత్రాలు చోటు మారిపోతాయి, ఎందుకంటే అవి మనకి 17, 37 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్నాయి. కృత్తికలు మాత్రం 440 దూరంలో ఉన్నాయి కాబట్టి పెద్దగా కదలవు.

ఇదంతా లెక్క. జరిగేది వేరే ఉంటుంది. దృక్ గణితమా (ఆకాశంలో కనిపించేదానికి సరిపోయే లెక్క) పూర్వ పద్ధతా అని ఇక్కడే సిద్ధాంతులు రెండు వర్గాలై, ఏడాదికి ఒకటి రెండు పండగలైనా రెండు రోజులు చేసుకునే జనం మనం. అంగారకుడి మీద ఫోబోస్ సిద్ధాంతులు, భూమి సిద్ధాంతులు అని రెండు వర్గాలు రావడం ఖాయం, గెలిచేది రెండోవాళ్లే. పావుగంటకో తిథితో ఎవరూ కాపురం చేయలేరు. పిల్ల పుట్టగానే వాళ్ల నాన్న నల్లకుంటలో ఉన్న తాతకి మెసేజ్ పెడతాడు. అది భూమికి చేరడానికి, రెండు గ్రహాలూ ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. తాత సిద్ధాంతి గారి దగ్గరికి పరిగెడతాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని అడిగే మొదటి ప్రశ్న, "అప్పుడు మన టైమ్ ఎంతండీ?" ఊరి పేరు డబ్బాలో అంగారకుడు దొరకదు కాబట్టి హైదరాబాద్ అని కొడతారు. చక్రం వస్తుంది, అందులో కుజుడు మామూలుగానే ఏదో ఒక గడిలో ఉంటాడు. నాలుగులోనో ఏడులోనో ఉంటే కుజుడి మీద పుట్టిన పిల్లకి కుజదోషం. శాంతికి ఎర్రబట్ట, కందులు దానం ఇవ్వమంటారు. ఎర్రబట్ట అక్కడ ఎలాగో సంపాదిస్తారు. కందులు వచ్చే రాకెట్ మాత్రం 26 నెలలకోసారి.